రొయ్యల ట్రేలు మోసిన పాత టాటా 207కి ఇంటి దగ్గరే టింకరింగ్, పెయింటింగ్ చేసుకోవచ్చా?

చెయ్యొచ్చండి, నిక్షేపంగా చెయ్యొచ్చు. మీరు చెప్పిన దాన్ని బట్టి బండి పరిస్థితి ఇదీ. 2006 మోడల్ టాటా 207 డీఐ. నాన్నగారు ఏళ్ల తరబడి ఆకివీడు, భీమవరం వైపు రొయ్యల ట్రేలు, ఐసు తోలారు. తర్వాత మేత బస్తాలు, ఎరువుల బస్తాలు. ఇప్పుడు తలుపుల అడుగున చిల్లులు పడ్డాయి, తొట్టి ఫ్లోరు తుప్పు పట్టింది, ఎడమ ఫెండరు నొక్కుకుపోయింది, పాత తెల్ల రంగు పెచ్చులు లేస్తోంది. మీ దగ్గర 2 హెచ్‌పీ కంప్రెసర్, గ్రైండర్, ఆర్క్ వెల్డింగ్ మిషను, ఖాళీగా ఉన్న పశువుల పాక ఉన్నాయి. ఏ పెయింటు కొనాలి, ఎన్ని కోటింగులు కొట్టాలి అని అడిగారు. పెయింటు సంగతి చివర్లో చెబుతాను. ఎందుకంటే ఈ బండి మీద రంగు నిలుస్తుందా ఊడుతుందా అన్నది తేల్చేది పెయింటు డబ్బా కాదు, ఇనుములో దాక్కున్న ఉప్పు.

రొయ్యల మీద వేసిన ఐసు కరిగి కారే నీళ్లలో చెరువు ఉప్పు ఉంటుంది. ఎరువుల్లో పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అదీ ఉప్పు జాతే. ఈ క్లోరైడు ఇనుములో సూది గుంటలు చేసుకుంటూ లోపలికి దిగుతుంది. గ్రైండర్ పెట్టి పైన తళతళలాడేదాకా రుద్దినా ఆ గుంటల అడుగున నల్ల చుక్కల్లా మిగిలే ఉంటుంది. దాని మీద ఎంత మంచి ప్రైమర్ కొట్టినా, పొరలోంచి దిగే కాస్త తేమను ఆ ఉప్పు లాక్కుంటుంది. అడుగున బుడగ లేస్తుంది, బుడగ పగిలితే మళ్లీ తుప్పు. ఒక్క వానాకాలానికే రంగు పొక్కిందంటే చాలామంది పెయింటును తిడతారు. ఆక్వా బెల్టులో తిరిగిన బళ్ల విషయంలో నేను చూసినంత వరకు తప్పు పెయింటుది కాదు, కడగకపోవడంది.

అందుకని మొదటి పని కడగడం. చాసిస్ లోపలి గాడులు, చక్రాల పైన గూళ్లు, తలుపుల లోపల, తొట్టికీ చాసిస్‌కీ మధ్య సందులు, అన్నీ ప్రెషర్ పెట్టి కడగండి. ఒక ముఖ్యమైన మాట. మీ వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగితే ఉప్పును తీసి ఉప్పును పెట్టినట్టే. కాలవ నీళ్లు తేర్చుకుని వాడండి, లేదా పంచాయతీ కుళాయి నీళ్లు డ్రమ్ములో పట్టుకోండి.

కడిగి ఆరాక బండిని విప్పండి. ఫెండర్లు బోల్టుల మీద ఉంటాయి, విప్పేయండి. లైట్లు, గ్రిల్లు, అద్దాలు, తలుపు హ్యాండిళ్లు, సీట్లు, రబ్బర్లు అన్నీ తీయండి. విప్పకుండా టేపు అంటించి కొట్టిన చోట ఆరు నెలల్లో అంచు లేస్తుంది. ముందు అద్దానికి రబ్బరు బీడింగ్ ఉంటే అద్దం తీయకుండానే ఒక ఉపాయం ఉంది. రబ్బరు పెదవి కిందకి సన్నటి నైలాను తాడు చుట్టూ దూరిస్తే పెదవి పైకి లేచి నిలబడుతుంది, దాని కిందకి కూడా రంగు వెళ్తుంది. కానీ ఆ రబ్బరు కింద తుప్పు ఉందని అనుమానం ఉంటే అద్దం తీయాల్సిందే.

తర్వాత ఒక చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బండంతా తడిమి చూడండి. గట్టిగా పట్టుకున్న చోట కింద ఇనుము ఉంది. జారిపోయిన చోట పాత పుట్టీ మందంగా ఉంది, దాని కింద ఏముందో దేవుడికే తెలియాలి. అలాంటి చోట్ల సుద్దముక్కతో గీత గీసుకోండి. ఇరవై ఏళ్ల బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) వచ్చినప్పుడల్లా చిల్లు మీద పుట్టీ మెత్తి రంగు కొట్టడం మన దగ్గర మామూలే. ఆ పుట్టీ అంతా ఊడగొట్టి ఇనుము కనిపించేదాకా వెళ్లాలి. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే దిగిపోయే చోటు కోసి పారేయాల్సిన చోటు, దాన్ని బతికించే మందు లేదు.

తలుపు అడుగు గురించి కాస్త వివరంగా చెప్పాలి, 207లో ఎక్కువగా పోయేది అదే. తలుపు బయటి రేకును లోపలి రేకు చుట్టూ మడిచి నొక్కుతారు. ఆ మడతలోకి నీళ్లు దిగుతాయి. అద్దం పక్కనుంచి దిగే వాన నీళ్లు బయటికి పోవడానికి తలుపు అడుగున చిన్న చిల్లులు ఉంటాయి. మీ బండిలో ఆ చిల్లులు మట్టితో, మేత పొడితో మూసుకుపోయి ఉంటాయి. లోపలి ప్లాస్టిక్ ప్యాడ్ తీసి టార్చి వేసి చూడండి, తడిసి గట్టిపడిన మేత ముద్ద కనిపిస్తుంది. దాన్ని గీకి తీయకుండా బయట ఎంత పని చేసినా తలుపు లోపలి నుంచే మళ్లీ కుళ్లుతుంది. ఆ చిల్లుల్ని పుల్లతో శుభ్రం చేయండి. పెయింటు అయిపోయాక కూడా అవి తెరుచుకుని ఉన్నాయో లేదో చూడండి, చాలాసార్లు కొత్త ప్రైమరే వాటిని మూసేస్తుంది.

పాత రంగు మొత్తం తీయాలా, కొంత ఉంచొచ్చా అన్నది ఒక చిన్న పరీక్షతో తేలుతుంది. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగు) థిన్నర్‌లో గుడ్డ ముంచి, గట్టిగా ఉన్న పాత రంగు మీద కాసేపు ఉంచండి. రంగు కరిగి గుడ్డకు అంటితే అది ఎన్‌సీ. ముడతలు పడి లేస్తే సింథటిక్ ఎనామెల్. ఏమీ కాకపోతే పీయూ (హార్డనర్ కలిపి కొట్టే పాలీయూరిథేన్ రంగు), లేదా కంపెనీ వాళ్లు ఓవెన్‌లో కాల్చిన రంగు. ముడత పడే రంగు మీద ఘాటైన థిన్నర్ ఉన్న ఏ ప్రైమర్ కొట్టినా అడుగు పొర లేచి మొత్తం పాడవుతుంది, అక్కడ పూర్తిగా తీసేయడమే దారి. పాత రంగు దుమ్ములో సీసం ఉండొచ్చు. మంచి మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని ఆ దరికి రానివ్వకండి.

తుప్పు తీసేటప్పుడు తీగ బ్రష్షు ఒక్కటే నమ్ముకోకండి. అది తుప్పును తీయడం కంటే పాలిష్ చేస్తుంది, నల్లగా మెరుస్తూ కనిపించి మోసం చేస్తుంది. స్ట్రిప్పింగ్ డిస్కు, 80 నంబరు శాండ్ పేపరు, గుంటలకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ రిమూవర్, ఈ మూడూ కావాలి. ఆమ్లం పూసినంత సేపు అది ఆరిపోకుండా తడిగా ఉంచండి, తర్వాత మంచి నీళ్లతో బాగా కడగండి. ఆమ్లం మిగిలితే పైన కొట్టే ఎపాక్సీ ప్రైమర్ (రెండు డబ్బాలు కలిపి కొట్టే తొలి పూత) సరిగ్గా పట్టదు. కడిగి, గాలి కొట్టి, ఎండలో ఆరబెట్టి, రాత్రికి పాకలో వదిలేయండి. పొద్దున్నే చూడండి. రేకంతా బాగానే ఉండి కొన్ని గుంటలు మాత్రం చెమ్మగానో నారింజ రంగులోనో కనిపిస్తే అక్కడ ఉప్పు ఇంకా ఉన్నట్టు. మళ్లీ నైలాన్ బ్రష్షుతో రుద్ది కడగాలి. విసుగు పుట్టించే పనే. కానీ షాపులో మీ బండికి ఇంత తీరిక ఎవరూ ఇవ్వరు, ఇంటి దగ్గర చేసుకోవడంలో ఉన్న లాభమే ఇది. ఆఖరి కడుగు తర్వాత రేకు మీద పల్చగా వచ్చే తుప్పు ఛాయను 80 పేపరుతో పొడిగా రుద్దేసి, ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్ కొట్టేయండి. ఆ పరీక్ష రాత్రి తప్ప వట్టి ఇనుమును మీ ఊరి గాలిలో రాత్రంతా వదలకూడదు.

అయితే ప్రైమర్ కంటే ముందు వెల్డింగ్ ఉంది. మీ ఆర్క్ మిషను తొట్టి ఫ్లోరుకు, కింద అడ్డ పట్టీలకు పనికొస్తుంది. తలుపు రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, దాని మీద రాడ్ పెడితే చిల్లు పూడటం పోయి పెద్దదవుతుంది. నా సలహా ఏమిటంటే కుళ్లిన భాగాన్ని మీరే కోసి, అట్టముక్కతో కొలత తీసి, 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటును వంచి సిద్ధం చేసుకోండి. సీఓటూ వెల్డింగ్ (గ్యాస్ వదులుతూ సన్నటి తీగతో అతికించే మిషను) ఉన్న మనిషిని ఒక పూట పిలిచి అతికించుకోండి. అతను వరసగా గీత లాగబోతే వద్దనండి. అక్కడో చుక్క ఇక్కడో చుక్క పెట్టుకుంటూ, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. లేదంటే వేడికి రేకు అలల్లా వంకరపోతుంది. ఫ్లోరుకు 16 గేజ్ వాడండి. జీఐ (జింకు పూత) షీటు మిగిలింది కదా అని వాడకండి, దాని జింకు పొగ పీల్చితే జ్వరం వస్తుంది.

వెల్డింగ్ రోజు బ్యాటరీ తీగలు విప్పేయాలి. డీజిల్ ట్యాంకు దగ్గర పని ఉంటే ట్యాంకు దించి దూరంగా పెట్టాలి. గ్రైండర్ రవ్వలు అద్దం మీద పడితే అందులో గుచ్చుకుని గరుకు చుక్కలు మిగిలిపోతాయి, తడి గోనెసంచి కప్పండి. బకెట్ నీళ్లు, ఇసుక, వీలైతే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉంచుకోండి. పాక పైన తాటాకు ఉంటే వెల్డింగ్ బయటే చెయ్యాలి, ఇందులో మొహమాటం వద్దు.

ఫెండరు నొక్కు గురించి. అది బాగా నలిగి ఉంటే విజయవాడ ఆటోనగర్‌లో ఇంకో ఫెండరు వెతకడం మంచిది, విప్పి బిగించే భాగానికి రోజులు ఖర్చు పెట్టనక్కర్లేదు. తొట్టి పక్క రేకుల మీద నొక్కులు మాత్రం మీరే తీయొచ్చు, రెండు వైపులా చేయి అందుతుంది. లోపలి నుంచి నొక్కు నడుమన పెద్ద సుత్తితో కొట్టకండి. అలా కొడితే రేకు సాగి, నొక్కితే టక్కున లోపలికీ వదిలితే పైకీ ఆడే డబ్బా మూతలా తయారవుతుంది. నొక్కు పడినప్పుడు ముందు నడుమ లోపలికి పోయింది, తర్వాత చుట్టూ గట్టు లేచింది. తీసేటప్పుడు ముందు ఆ గట్టు సంగతి చూడాలి. లోతు కింద డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) ఆనించి పట్టుకుని, పక్కన లేచిన గట్టు మీద చిన్న సుత్తితో తేలిగ్గా తడుతూ రండి. గట్టు దిగుతున్న కొద్దీ లోతు తనంతట తనే పైకి వస్తుంది. కంటిని నమ్మకండి, చేతికి పల్చటి నూలు తొడుగు వేసుకుని అరచేతితో నిమరండి. ఎత్తుపల్లాలు కంటికంటే ముందు చేతికే తెలుస్తాయి.

వట్టి ఇనుము మీద ముందు ఎపాక్సీ ప్రైమర్, అది గట్టిపడ్డాక 80 పేపరుతో గరుకు చేసి దాని మీద పుట్టీ, మళ్లీ ఎపాక్సీ. నేను పాటించే వరస ఇది. గేటు కమ్మీలకు రెడ్ ఆక్సైడ్ చాలు కానీ ఉప్పు చూసిన బండికి చాలదు. ఎపాక్సీలో రెండు డబ్బాలుంటాయి. కలిపాక ఎంతసేపు ఆగాలో, ఎన్ని గంటల్లో వాడాలో, తర్వాతి పొరకు గడువెంతో డబ్బా మీద ఉన్నట్టే చేయండి. ఆ గడువు దాటితే రుద్ది గరుకు చేశాకే పై పొర. చేతి తొడుగులు తప్పనిసరి, దాని హార్డనర్ చర్మానికి పడదు.

పుట్టీ 3 మి.మీ. మందం దాటనివ్వకండి. అంతకంటే లోతుంటే సుత్తి పని మిగిలి ఉన్నట్టు. అట్టముక్క మీద కలిపితే పుట్టీలో ఉన్న రెజిన్‌ను అట్ట తాగేస్తుంది. పాత గాజు పలకో నున్నటి టైలో తీసుకోండి. 100 గ్రాముల పుట్టీకి హార్డనర్ 2 గ్రాములు సుమారు, రంగు చారలు లేకుండా ఒకే ఛాయ వచ్చేదాకా కలపాలి. త్వరగా గట్టిపడాలని ఎక్కువ వేస్తే ఆ మిగులు పైకి ఊరి, తెల్ల రంగు మీద మచ్చలుగా కనిపిస్తుంది. ఇక గీకడం. మన దగ్గర చాలా షాపుల్లో పుట్టీ మీద నీళ్లు పోస్తూ వాటర్ పేపరు పడతారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. పాలియెస్టర్ పుట్టీ నీళ్లు పీలుస్తుంది, ఆ నీళ్లు నేరుగా ఇనుము దాకా వెళ్తాయి. ఉప్పు కోసం ఇంత కష్టపడి చివర్లో మనమే తడి పెట్టడం ఏమిటి? పొడిగానే, పొడవాటి చెక్క బ్లాకుకు పేపరు చుట్టి 80తో మొదలుపెట్టి 120, 180 దాకా రండి. వేళ్లతో నొక్కి రుద్దితే గాడులు పడతాయి. మధ్యలో నల్ల స్ప్రే దూరం నుంచి పల్చగా చల్లి మళ్లీ రుద్దండి, నలుపు మిగిలిన చోటు పల్లం. పై ఎపాక్సీ కొట్టాక 400తో నున్నగా చేస్తే రంగుకు సిద్ధం.

ఇప్పుడు రంగు. మీకు పీయూ కొట్టాలని ఉందన్నారు. ఇంటి దగ్గర వద్దని గట్టిగా చెబుతున్నాను. పీయూ హార్డనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ ఆవిరి ప్రమాదకరమైన మోతాదులో ఉన్నా వాసన తెలియకపోవచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం సోకినా ఉబ్బసం వస్తుంది, అది బతుకంతా ఉండిపోవచ్చు. మొహానికి తువ్వాలు కట్టుకోవడం, మందుల షాపు మాస్కు పెట్టుకోవడం దీనికి అడ్డే కాదు. బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్కు, గాలి లాగే బూత్ ఉండాలి. మీ పాక పక్కనే వంటిల్లు, ఇంట్లో చిన్నపిల్లలు అని మీరే రాశారు. క్యాబిన్‌కు పీయూ మెరుపు కావాలనుకుంటే ప్రైమర్ దాకా మీరు చేసి, చివరి కోటింగు మాత్రం బూత్ ఉన్న షాపులో కొట్టించండి. శ్రమ అంతా అప్పటికే అయిపోయి ఉంటుంది కాబట్టి ఖర్చూ తగ్గుతుంది.

తొట్టికి, చాసిస్‌కు, నిజం చెప్పాలంటే బండి మొత్తానికీ, ఆటోమోటివ్ సింథటిక్ ఎనామెల్ చాలు. దానికీ ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి మాస్కు, పాకలో గాలి ఆడటం కావాలి. బీడీ, దీపం, పొయ్యి ఏదీ దగ్గర్లో ఉండకూడదు. ఎన్‌సీ త్వరగా ఆరుతుంది, దుమ్ము తక్కువ పడుతుంది, నిజమే. కానీ మీ వైపు తేమలో థిన్నర్ వేగంగా ఆవిరై రేకు మీద చెమ్మ చేరుతుంది, రంగు పాలిపోయి తెల్లగా మసకేస్తుంది. లోడు బండికి ఆ మెత్తటి పొర అంతగా ఆగదు కూడా. రంగు ప్లెయిన్ తెలుపే ఉంచండి. మెటాలిక్ అయితే చేయి తిరిగిన వాళ్లకు కూడా చారలు వస్తాయి. పైగా ఆర్సీలో రంగు రాసి ఉంటుంది, మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో నమోదు చేయించుకోవాలి.

కొట్టే రోజు ముందు నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచండి. మంచు ఆరిన తర్వాత మొదలుపెట్టి, రేకు వేడెక్కకముందే ముగించండి. అరచేయి ఆనించలేనంత వేడి ఉంటే ఆపేయాలి. సాయంత్రం లైటు వేసి కొడితే పురుగులన్నీ రంగులోనే. మైనం, జిడ్డు తీసే ద్రావకంతో ఒక గుడ్డ తడిపి తుడవండి, అది ఆరేలోపే ఇంకో పొడి గుడ్డతో తుడిచేయండి. కిరోసిన్‌తో తుడిస్తే జిడ్డు మిగులుతుంది. తలకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తో రేకును ముట్టుకున్న చోట రంగు పట్టకుండా చేపకన్నులా గుండ్రటి గుంట పడుతుంది. ఆ రోజు సహాయానికి వచ్చే వాళ్లందరికీ ఈ మాట ముందే చెప్పండి.

మీ 2 హెచ్‌పీ కంప్రెసర్ హెచ్‌వీఎల్‌పీ (తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వాడే) గన్‌కు ఆగకుండా గాలి ఇవ్వలేదు. గాలి తక్కువ తాగే మామూలు గ్రావిటీ గన్ తీసుకోండి. రంగుకు 1.4 నాజిల్, ప్రైమర్‌కు 1.7 లేదా 1.8. ఒక్కో భాగం పూర్తిచేసి, ట్యాంకు నిండేదాకా ఆగి ఇంకోదానికి వెళ్లండి. ట్యాంకు అడుగున చేరిన నీళ్లు ముందే వదిలేయాలి. నీళ్లు పట్టే ఫిల్టరును కంప్రెసర్ పక్కన బిగించకండి. అక్కడ గాలి వేడిగా ఉండి నీరు ఆవిరిగానే దాటిపోతుంది. పొడవాటి పైపు తర్వాత, గన్ వైపు బిగిస్తే అప్పటికి చల్లబడి నీరుగా పట్టుబడుతుంది. గన్‌ను రేకుకు ఓ జానెడు దూరంలో, రేకుకు ఎదురుగా తిన్నగా నడపండి. మణికట్టు తిప్పకుండా మొత్తం చేయి కదలాలి. ప్రతి వరస అంతకుముందు కొట్టిన వరసను సగం కప్పాలి. మొదటి పొర పల్చగా, అది వేలికి జిగటగా తగిలే స్థితికి వచ్చాక రెండోది నిండుగా. ఎనామెల్ సగం ఆరిన దశలో, అంటే మర్నాడో ఎల్లుండో, ఏదో మిగిలిందని మళ్లీ కొడితే ముడతలు పడుతుంది. కారిన చోటు ఉంటే వదిలేసి, బాగా గట్టిపడ్డాక చూసుకోండి.

తొట్టిలో పాత చెకర్ ప్లేటును మళ్లీ వెల్డ్ చేయొద్దు. ఫ్లోరుకూ ప్లేటుకూ మధ్య నిలిచిన ఉప్పు నీళ్లే మీ ఫ్లోరును తిన్నాయి. బోల్టులతో బిగిస్తే ఏడాదికోసారి విప్పి కడగొచ్చు. అతుకుల మీద సీమ్ సీలర్ (సందుల్లోకి నీళ్లు దిగకుండా పూడ్చే పేస్టు), తలుపుల లోపల, చాసిస్ గాడుల్లో క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లోకి కొట్టే మైనం) కొట్టించండి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం మానండి, రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, మట్టీ మీ చెరువు గట్టూ కూడా పాడవుతాయి.

ఇంత పాత రవాణా బండికి ఎఫ్‌సీ ఏటా ఉంటుంది కాబట్టి ఆ తేదీ చూసుకుని పని మొదలుపెట్టండి. ఒకేసారి అంతా విప్పి కూర్చోకుండా ముందు తొట్టి, తర్వాత క్యాబిన్ చేస్తే మధ్యలో బండి పనికి వెళ్తుంది. చాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండర్ తగలనివ్వకండి, రంగు కొట్టేముందు దాని మీద టేపు వేయండి. రంగు బాగా గట్టిపడ్డాకే రిఫ్లెక్టర్ టేపులు, ముందు తెలుపు, వెనక ఎరుపు, అంటించండి. తడి ఎనామెల్ మీద అంటిస్తే రంగుతో సహా ఊడి వస్తాయి.